కంటికి కానరాని కాయకము

శరణధర్మమున కాయకమునకు గల స్థానము వీరశైవ కుటుంబములకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణమున బసవేశ్వరుడు, న్యాయముగా చేయబడు శ్రమ యేదైనను శివపూజకు తక్కువ కాదని బోధించెను. పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, బుట్టలల్లు మేదర కేతయ్య, త్రాళ్లు పేనెడు నూలియ చందయ్య మొదలగువారు అనుభవ మంటపమున పండితులతో సమానముగా గౌరవింపబడిరి. వృత్తిలో ఎక్కువ తక్కువలు లేవనుట ఈ బోధలోని మొదటి అర్థము. దీనిని అందరును ఎరుగుదురు.

అయితే ఈ బోధను అంగీకరించినవారికి వెనువెంటనే ఎదురగు ప్రశ్న యొకటి కలదు. పనిని పూజగా భావించిన చాలునా? లేక ఆ పని సరిగా నెరవేరినప్పుడే అది పూజయగునా? మనస్సు నిర్మలమై, చేతిలోని పని మాత్రము చెడిపోయినచో దానికి కాయకమను పేరు చెల్లునా? అన్నిటికంటె ముఖ్యముగా, ఎవ్వరును తెరచి చూడని చోట, ఎవ్వరును పరీక్షింపని వేళ చేయబడు పనికి కొలత యేది?

ఈ ప్రశ్నను ఊహలో విచారించుటకంటె ఒక వస్తువును ఎదుట పెట్టుకొని విచారించుట మేలు. పడవ అడుగున గల చిల్లు ప్రయాణికునికి కనబడదు. త్రాటి నడుమ గల పుచ్చిన పోగు నీరు చేదువానికి కనబడదు. ఆ విధముగనే లోపలి పని పైకి కానరాని వస్తువు, నేటికిని పల్లెలలో, పట్టణములలో అక్కడక్కడ తిరుగుచున్నది పాత మోటారు సైకిలు. దాని నూనె, దాని నిప్పురవ్వ, ఈ రెండింటి సంరక్షణమును పరిశీలించినచో పై ప్రశ్నకు సమాధానము దొరకగలదు.

1929లో చెకోస్లొవేకియా దేశమున పుట్టిన జావా సంస్థవారి బండ్లను 1960వ దశకారంభము నుండి మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారమువారు తయారుచేసిరి. 1973 నుండి అవి యెజ్డీ అను పేరుతో వెలువడెను. 1996లో ఆ కర్మాగారమున ఉత్పత్తి నిలిచిపోయెను. కన్నడ దేశమునందును, తెలుగు దేశమునందును తాతల నాటి జావా బండిని మనుమలు భద్రముగా కాపాడుకొనుచున్న ఇండ్లు నేటికిని కలవు. వానికి కర్మాగారము లేదు. మిగిలినది మెకానిక్కు చేయి మాత్రమే.

ఈ బండి ఇంజను టూ స్ట్రోకు జాతికి చెందినది. బుల్లెట్టు వంటి బండ్లలో నూనె విడిగా నిలువయుండి పంపుచే ప్రసరించును. జావా ఇంజనుకు అట్టి ఏర్పాటు లేదు. పెట్రోలులోనే నూనెను కలిపి ట్యాంకులో పోయవలెను. ఆ మిశ్రమము కార్బరేటరు గుండా క్రాంకు గదిలో ప్రవేశించి, అచటి బేరింగులను, కనెక్టింగు రాడ్డును, పిస్టనును, సిలిండరు గోడను తడిపి, పిదప మంటలో కాలిపోవును. గేరు బాక్సులోని నూనె వేరు. అది గేర్లకును, క్లచ్చికిని, లోపలి గొలుసుకును పనికివచ్చునుగాని పిస్టనును చేరదు. కనుక పిస్టను ప్రాణము పెట్రోలులో కలిసిన ఆ కొద్దిపాటి నూనెపైననే ఆధారపడియున్నది.

ఆ నూనె ఎంత? పాత జావాకు సాధారణముగా పాటింపబడు పాళ్లు ఇరువదియైదు పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె. అనగా లీటరుకు 40 మిల్లీలీటర్లు, ఐదు లీటర్లకు 200 మిల్లీలీటర్లు. నూనె తగ్గినచో పిస్టనుకును గోడకును నడుమ పలుచని పొర తెగిపోయి, లోహము లోహమును ఒరసికొని, వేడిచే ఉబ్బి, పిస్టను పట్టివేయును. అప్పుడు నడుచుచున్న బండి వెనుక చక్రము ఒక్కసారిగా బిగుసుకొనును. క్లచ్చి నొక్కుటకు రెండు క్షణములు ఆలస్యమైన మనిషి నేలపై పడును.

ఇది విన్న భయస్థుడు, నూనె కొంచెము ఎక్కువ పోసిన నష్టమేమి అని తలచును. భక్తిగల సేవకుడు కూడ అట్లే తలచును. ఎక్కువ ఇచ్చుట ఔదార్యము కదా! కాని ఇంజను ఔదార్యమును గ్రహింపదు. ఎక్కువైన నూనె పూర్తిగా కాలక ప్లగ్గుపై తడిగా, నల్లగా పేరుకొనును. సైలెన్సరులో మసి గట్టిపడి పొగ పోవు దారి ఇరుకగును. అంతేకాదు, నూనె పాలు పెరిగినకొలది అదే కార్బరేటరు రంధ్రమున ప్రవహించు పెట్రోలు పాలు తగ్గును. పెట్రోలు తగ్గిన మిశ్రమము ఎక్కువ వేడితో మండును. పిస్టనును కాపాడుటకై పోసిన అదనపు నూనె పిస్టనుకే వేడిని పెంచునన్నమాట.

ఇచ్చట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ స్మరణకు వచ్చును. వీథులలో చెదరిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, ఆ బియ్యముతో జంగమ దాసోహము నడుపుట వారి కాయకము. ఒకనాడు మారయ్య అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. కావలసినదానికి మించి తెచ్చుట ఆశకు గుర్తు అని చెప్పి, ఎక్కువైనదానిని తిరిగి అచ్చటనే విడిచి రమ్మనెను. ఆ యిల్లాలు చెప్పినది పేదరికమును గూర్చి కాదు, కొలతను గూర్చి. భక్తి ఎంత గాఢమైనను పిడికెడు పిడికెడే. నలువది మిల్లీలీటర్లు నలువది మిల్లీలీటర్లే. కొలత తప్పిన భక్తి తనను తాను సంతోషపెట్టుకొనునుగాని ఎదుటివానికి మేలు చేయదు.

కొలతకు తోడు ఎరుకయు కావలెను. శ్రీశైల మల్లికార్జునుని దర్శించి, క్షేత్రము నుండి కృష్ణానది ఆనకట్ట వైపు దిగు ఘాటు రోడ్డుపై ఇట్టి బండిలో వచ్చు యాత్రికుని తలచుకొనుడు. పల్లమే కదాయని అతడు యాక్సిలరేటరును పూర్తిగా మూసి, గేరులోనే బండిని దిగవిడుచును. బండి బరువుచే చక్రము తిరుగును. చక్రముచే ఇంజను వేగముగా తిరుగును. అయితే పెట్రోలు దాదాపు ఆగిపోయినది. పెట్రోలుతోపాటు నూనెయు ఆగిపోయినది. ఇంజను నిశ్శబ్దముగా, హాయిగా నడుచుచున్నట్లు తోచు ఆ సమయముననే అది నూనె లేక ఎండిపోవుచుండును. నడుమ నడుమ యాక్సిలరేటరును కొంచెము తెరచుచు దిగవలెనని ఎరిగినవాడు చెప్పవలెను. ఈ ఒక్క మాట చెప్పుటకు మెకానిక్కుకు కూలి రాదు. చెప్పకపోయిన ఎవ్వరును నిందింపరు. అయినను ఆ మాట అతని కాయకమున భాగమే.

ఇక నిప్పురవ్వ సంగతి. ఆరు వోల్టుల బ్యాటరీ నుండి వచ్చు విద్యుత్తు కాయిల్ గుండా ప్రవహించుచుండగా, పాయింట్లు అనబడు రెండు చిన్న లోహపు ముక్కలు విడివడి దానిని తటాలున తెంపును. ఆ తెంపిన క్షణమున కాయిల్‌లో వేల వోల్టుల శక్తి పుట్టి ప్లగ్గు మొన యొద్ద రవ్వయై వెలువడును. పాయింట్లు పూర్తిగా తెరచుకొన్నప్పుడు వాని నడుమ ఉండవలసిన సందు 0.4 మిల్లీమీటరు. ఇంజను నిమిషమునకు 4,000 చుట్లు తిరుగునపుడు అవి 4,000 మార్లు తెరచుకొని మూసికొనవలెను.

పాయింట్లను తెరచు మడమ వంటి చిన్న దిమ్మ నిరంతరము క్యాముపై రాసికొనుచు అరుగును. అరిగినకొలది సందు తగ్గును. సందు తగ్గినకొలది పాయింట్లు ఆలస్యముగా తెరచుకొనును. రవ్వ ఆలస్యముగా పడును. బండి నడచుట మానదు. బలము తగ్గును, వేడి పెరుగును, పెట్రోలు ఎక్కువ త్రాగును. ఈ మార్పు దినదినము కొంచెముగా జరుగుటచే నడుపువానికి తెలియదు. కీడు ఎప్పుడును గట్టిగా చప్పుడు చేయుచు రాదు.

దీనిని సరిచేయు విధానము కష్టమైనది కాదు, ఓపిక కావలసినది. మూత విప్పి పాయింట్ల ముఖములను చూడవలెను. గుంటలు పడియున్న సన్నని ఆకురాయితో సమము చేయవలెను. గరుకు కాగితముతో గట్టిగా రుద్దినచో దాని రేణువులు అచటనే చిక్కుకొనును. పిదప శుభ్రమైన కాగితమును నడుమ లాగి దుమ్మును తుడువవలెను. ఫీలర్ గేజితో సందును సరిచూడవలెను. సందు మార్చినచో టైమింగు కూడ మారును గాన, ముందు సందు, పిదప టైమింగు అను క్రమము తప్పరాదు. ప్లగ్గు విప్పి, పిస్టను పైకొసకు చేరుటకు ముందు ఎన్ని మిల్లీమీటర్ల దూరమున పాయింట్లు విడివడుచున్నవో కొలిచి, ఆ బండికి నిర్దేశింపబడిన అంకెతో పోల్చవలెను. పాయింట్లు మరల మరల కాలుచున్నచో వానిని మార్చుటతో సరిపెట్టక కండెన్సరును అనుమానింపవలెను.

నూనెయు నిప్పురవ్వయు ఒకచోట కలిసికొనును. క్యాము ఎండిపోయి దిమ్మను త్వరగా అరగదీయకుండుటకు దానికి కొద్దిగా జిడ్డు తగులవలెను. చాలా బండ్లలో దీనికై చిన్న ఉన్నిముక్క యుండును. దానికి ఒక చుక్క నూనె చాలును. లేకపోయిన దిమ్మ అరుగును. రెండు మూడు చుక్కలు ఎక్కువైన, అవి చిమ్మి పాయింట్లపై పడి, కాలి, నల్లని పొరగా మారి రవ్వను ఆపును. పిస్టనుకు ప్రాణమైన నూనెయే పాయింట్లకు శత్రువు. ఒకచోట మేలైనది మరియొకచోట కీడగును. వస్తువునందు మంచి చెడ్డలు లేవు. తగిన చోట, తగిన మేర ఉంచుటయందే కలవు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలవలెను. సాయంకాలము దుకాణము మూయు వేళకు ఒకడు జావా బండిని తెచ్చి, మరునాడు భార్యాబిడ్డలతో జాతరకు పోవలెననియు, సర్వీసు చేసి ఇమ్మనియు కోరినాడనుకొనుడు. మెకానిక్కు ప్లగ్గు విప్పి తుడిచి బిగించెను. ఒక్క కిక్కుకే బండి మ్రోగెను. పాయింట్ల మూత విప్పలేదు. అయినది అని చెప్పి సర్వీసు రుసుము తీసికొనెను. యజమాని ఆనందముతో వెడలెను. ఇరువురిలో ఎవ్వరికిని అసంతృప్తి లేదు. బండి మరునాడు ఏ ఆటంకమును లేక పోయి రావచ్చును కూడ. అట్లయిన అచట జరిగిన తప్పేమి?

తప్పు ఫలితమునందు లేదు. చేయని పనికి చేసిన పని పేరు పెట్టుటయందు కలదు. ఆ మూత విప్పబడలేదను సంగతి లోకమున ఒక్కనికే తెలియును. ఆ ఒక్కడు తన సంపాదనలో చేయని పని విలువను కలుపుకొనెను. అది మారయ్య తెచ్చిన అదనపు బియ్యము వంటిదే. ఆకలి తీర్చునుగాని కాయకమున చేరదు. వేళ లేదని చెప్పి, ప్లగ్గు మాత్రమే చూచితినని చెప్పి, దానికి తగిన కూలియే తీసికొన్నచో ఆ చిన్న పనియే సంపూర్ణ కాయకమైయుండెడిది. యజమానియు ఎరుకతో ప్రయాణమును నిశ్చయించుకొనెడివాడు.

ఇచట యజమానిని నిర్దోషియని విడిచిపెట్టుట న్యాయము కాదు. క్రొత్త సీటు కవరుకును, ట్యాంకు పాలిషుకును అడిగినంత ఇచ్చువాడు, పాయింట్లు సరిచూచుటకు పట్టిన గంటసేపటి శ్రమకు బేరమాడును. కంటికి మెరయునది ఏమియు లేదు గాన ఆ పనికి విలువ లేదని అతని తలంపు. కనబడని పనికి కూలి నిరాకరింపబడిన చోట కనబడని పని నిలిచిపోవును. మెకానిక్కు కుటుంబమును పోషించుకొనవలెను కదా! కాయకము చేయువానికి ఎంత ధర్మము కలదో, చేయించుకొనువానికి అంత ధర్మము కలదు. లోపలి పనికి తగిన ప్రతిఫలమును అడుగకయే ఇచ్చుట యజమానికి చెల్లవలసిన గుణము.

కొందరు మరియొక ఆక్షేపణ చేయవచ్చును. లింగమునకు కావలసినది భావము. ఇనుము ఇచ్చు తీర్పు భక్తునికి ఏల? నేర్చుకొనుచున్న బాలుడు మంచి మనస్సుతో చేసిన పని చెడినంత మాత్రమున అతని కాయకము వ్యర్థమా? ఈ ఆక్షేపణలో సత్యము కలదు. తెలియక చేసిన తప్పు కాయకమును చెరుపదు. అయితే తప్పు బయటపడినప్పుడు దానిని దాచిన చెరచును. బాలుడు తన పొరపాటును గురువునకు చూపి దిద్దుకొన్నచో ఆ దిద్దుకొనుటయే పూజ. గేజి చేతనుండియు తీయక, ఎన్నియేండ్ల అనుభవమో కలదని కంటి అంచనాతో సరిపెట్టు పెద్దవాని సంగతి వేరు. అతడు నమ్మినది శివుని కాదు, తన నైపుణ్యమును. ఇష్టలింగమును నిలుపుకొను అరచేయియే గేజిని పట్టుకొను అరచేయి. పూజవేళ ఒక చేయి, పనివేళ వేరొక చేయి ఎవ్వనికిని లేవు. కనుక భావము శుద్ధమైనచో అది చేతిలోనికి దిగవలెను. చేతి నుండి కొలతలోనికి దిగవలెను.

దయాధర్మము కూడ ఇచట విస్మరింపదగినది కాదు. టూ స్ట్రోకు బండి నూనెను కాల్చుచు నడుచును గాన పొగ సహజము. ఆ పొగను పీల్చువారు బండి యజమానులు కారు. వెనుక సైకిలుపై వచ్చు బడిపిల్లలు, వీథి ప్రక్క కూరలమ్ము స్త్రీలు. నూనె పాళ్లు తప్పిన బండి, రవ్వ ఆలస్యమైన బండి తన తప్పును వారి ఊపిరితిత్తులపై మోపును. అసాధారణముగా పొగ వచ్చుచు గేరు బాక్సు నూనె తగ్గుచున్నచో, క్రాంకు సీలు చెడి ఆ నూనెను ఇంజను పీల్చుకొనుచున్నదని అనుమానింపవలెను. నూనెను మరల నింపి పంపుట సులభము. కారణమును వెదకుట ధర్మము. తీసివేసిన పాత నూనెను మురుగు కాలువలో పోయుటయు అట్టిదే. కంటికి దూరమైనంతనే అది లేకుండపోదు; నీటిలో చేరును.

బండిని ముచ్చటకై ఉంచుకొనువారును ఒక సంగతి ఎరుగవలెను. వాడక మూలనుంచిన బండి భద్రముగా ఉండదు. బేరింగులపై నూనెపొర జారిపోయి తేమ తుప్పును తెచ్చును. పాయింట్ల ముఖములపై పొర కమ్మును. 2025 నాటికి భారతదేశమున పెట్రోలులో ఇరువది శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు తేమను ఆకర్షించును. పాత రబ్బరు భాగములకు హాని చేయును. కనుక అట్టి పెట్రోలును నెలల తరబడి ట్యాంకులో నిలువయుంచరాదు. చరించుచున్నదే జీవించుచున్నదను తలంపు శరణులకు క్రొత్తది కాదు.

కాయకమునకు తోడుగా శరణులు దాసోహమును చెప్పిరి. సంపాదించినది పంచుకొనుట దాసోహమైనచో, నేర్చినది పంచుకొనుటయు దాసోహమే. నేటి బండ్లలో పాయింట్లు లేవు. రవ్వ సమయమును ఎలక్ట్రానిక్ పరికరము నిర్ణయించును. పాయింట్లు సరిచూడగల చేతులు ముసలివగుచున్నవి. కిటుకును దాచుకొని దానిచే గిరాకీని నిలుపుకొన్నవానితో ఆ విద్య అంతరించును. ప్రక్కన నిలుచున్న కుర్రవానికి గేజిని అందించి, సందులో ఎంత బిగువుగా కదలవలెనో అతని వ్రేళ్లకు తెలిపినవాని విద్య నిలుచును. మఠములు నడుపు విద్యార్థి నిలయములలో చదువు పిల్లలకు వచనములతోపాటు ఇట్టి చేతిపని యొకటి నేర్పినచో, వచనముల అర్థము వారికి మరింత స్పష్టమగును.

భావము చాలునా, పని కూడ శుద్ధము కావలెనా అను ప్రశ్న ఆ రెండును వేరుగా ఉండగలవని తలచుటచే పుట్టినది. పెట్రోలులో కలిసిన నూనె విడిగా కనబడదు. అయినను ప్రతి చుట్టునందును అది పనిచేయుచునే యుండును. భక్తియు పనిలో అట్లు కలిసిపోవలెను. ఎవ్వరును విప్పని మూతను విప్పి, ఎవ్వరును కొలవని సందును కొలిచి, మూతను మరల బిగించి, చేతులు కడుగుకొని లింగపూజకు కూర్చున్నవాడు రెండవ పనికి లేవలేదు. మొదటి పనినే కొనసాగించుచున్నాడు. బసవాది ప్రమథుల కరుణ అట్టి చేతులపై సదా నిలుచుగాక.